పిల్లల కీళ్ళ నొప్పులకు స్టెరాయిడ్ వేసే ముందు: బ్లడ్ క్యాన్సర్ కాదని ఎలా తేల్చుకోవాలి

పిల్లోడు కొన్ని వారాలుగా కుంటుతున్నాడు. మోకాలు కాస్త వాచింది, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది. రక్త పరీక్షలో ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఎంతుందో చూపే అంకె) 90 వచ్చింది. కీళ్ళవాతం అయి ఉండొచ్చన్నారు, చీటీలో స్టెరాయిడ్ మాత్ర రాశారు. ఆ మొదటి మాత్ర నోట్లో వేసే ముందు మీరు చూసుకోవాల్సినవి, అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. తిరుపతిలో ఒక ల్యాబ్‌లో రక్తం స్లైడ్లు చూసే పని నాది. చిత్తూరు, పీలేరు, పలమనేరు, శ్రీకాళహస్తి వైపు నుంచి బిడ్డల్ని ఎత్తుకొచ్చే అమ్మానాన్నలకు రోజూ చెప్పే మాటల్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఒక ధైర్యం. పిల్లల కాళ్ళ నొప్పులకు చాలావరకు కారణం క్యాన్సర్ కాదు. ఆటలో తగిలిన దెబ్బ, ఎదిగే వయసు నొప్పులు, వైరల్ జ్వరం, చికున్‌గున్యా, నిజమైన కీళ్ళవాతం, ఇవే ఎక్కువ. కానీ పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్. అది పుట్టేదే ఎముక మూలుగలో. అక్కడ చెడ్డ కణాలు కిక్కిరిసిపోయి లోపలి నుంచి ఒత్తుతుంటే ఎముక సలుపుతుంది, పక్కనున్న కీలు కూడా వాస్తుంది. రక్తంలో పెద్ద తేడా ఏదీ బయటపడక ముందే కొందరు పిల్లలు కుంటడం మొదలుపెడతారు. రెండు నుంచి ఐదేళ్ళ మధ్య ఈ జబ్బు ఎక్కువ. పదిహేను, పదహారేళ్ళ వాళ్ళకూ వస్తుంది.

పిల్లల కీళ్ళవాతాన్ని ఇదీ అని తేల్చే ఒక్క పరీక్ష అంటూ లేదు. 16 ఏళ్ళలోపు మొదలై, ఆరు వారాలు దాటినా కీలువాపు తగ్గక, మిగతా కారణాలన్నీ కాదని తేలాక పెట్టే పేరు అది. ఆ మిగతా కారణాల్లో లుకేమియా ఒకటి. దాన్ని కాదని తేల్చకుండా ఆ పేరు పెట్టేస్తేనే ప్రమాదం.

1. నొప్పి ఎక్కడ, ఎప్పుడు: నాలుగు రోజులు రాసి పెట్టండి

"ఒక్క వేలు పెట్టి చూపించు నాయనా, ఎక్కడ నొప్పి?" అని అడగండి. కీళ్ళవాతం ఉన్న బిడ్డ సాధారణంగా మోకాలి మీదో, చీలమండ మీదో చెయ్యి పెడతాడు. లుకేమియాలో చాలాసార్లు ఆ వేలు కీలు దాటి పోతుంది. మోకాలికి కాస్త కింద, తొడ ఎముక మీద, నడుములో, వెన్నులో చూపిస్తాడు. ఈరోజు ఒక కాలు, రేపు ఇంకో కాలు అని కూడా అంటాడు. చెప్పలేనంత చిన్నపిల్లయితే నిద్రపోయేటప్పుడు మెల్లగా ఎముక పొడవునా నొక్కి చూడండి. ఎక్కడ ఉలిక్కిపడుతుందో తెలుస్తుంది.

తర్వాత వేళ. కీళ్ళవాతం పొద్దున పూట బిగుతు. లేవగానే అడుగు పడదు, గంట గడిచి అటూ ఇటూ తిరిగాక కాళ్ళు వదులవుతాయి. విచిత్రం ఏంటంటే ఆ పిల్లల్లో చాలామంది నొప్పి అని పెద్దగా ఏడవరు కూడా, కుంటుతూనే ఆడుకుంటారు. లుకేమియా నొప్పి రాత్రి మంచి నిద్రలోంచి లేపి ఏడిపిస్తుంది. వాపు కొంచెమే ఉంటుంది, నొప్పి మాత్రం చాలా ఎక్కువ. కీలు చూస్తే ఏమంత వాచలేదు, బిడ్డేమో కాలు నేలకు ఆనించనివ్వడు. ఈ పొంతన లేకపోవడం చాలా ముఖ్యమైన గుర్తు.

ఎదిగే వయసు నొప్పులూ రాత్రిపూటే వస్తాయి కదా అంటారు. నిజమే. అవి రెండు కాళ్ళలోనూ పిక్కల్లో, తొడల్లో వస్తాయి, కాసేపు నిమిరితే తగ్గుతాయి, తెల్లారేసరికి బిడ్డ మామూలుగా పరిగెడుతుంటాడు. కుంటితే అవి ఎదిగే వయసు నొప్పులు కావు. అలిపిరి మెట్లెక్కి వచ్చాక పట్టేసిన కాళ్ళయినా నాలుగైదు రోజుల్లో సర్దుకోవాలి. రెండు వారాలైనా "కొండెక్కాడు కదా, అందుకే" అనుకుంటూ కూర్చోవద్దు.

తేదీ, వేళ, చోటు, జ్వరం ఎంత, రాత్రి ఎన్నిసార్లు లేచాడు, ఏ మందు వేశారు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఓపీలో డాక్టర్ దగ్గర దొరికేది కొన్ని నిమిషాలే. ఆ నోట్‌బుక్ మీ తరఫున మాట్లాడుతుంది.

2. కాలు ఒక్కటే కాదు, ఒళ్ళంతా చూడండి

స్నానం చేయించేటప్పుడు పట్టపగటి వెలుతురులో చూడండి. కింది కనురెప్ప లోపలి భాగం తెల్లగా పాలిపోయిందా? దెబ్బ తగలకుండానే వీపు మీద, తొడల మీద కమిలిన మచ్చలున్నాయా? పాదాల దగ్గర గుండుసూది తలకాయంత ఎర్రచుక్కలు, నొక్కినా మాయం కానివి ఉన్నాయా? పళ్ళు తోముకునేటప్పుడు చిగుళ్ళలోంచి రక్తం, మెడలో, చంకలో, గజ్జల్లో గడ్డలు, ఎడమ పక్క పొట్ట గట్టిగా ఉండటం, ఈ మధ్య వదులైన బట్టలు, అన్నం సహించకపోవడం, వదిలి వదిలి వచ్చే జ్వరం: కనబడినవన్నీ రాసుకోండి. ఏవీ లేకపోయినా లుకేమియా లేదని అనుకోవడానికి వీల్లేదు. అందుకే రక్తం దగ్గరికి వెళ్ళాలి.

ఇంకో రెండు మాటలు. పుత్తూరు కట్టుకు మన వైపు ఎంత పేరుందో నాకు తెలుసు, విరిగిన చేతులూ కాళ్ళూ కట్టించుకోవడానికి పక్క రాష్ట్రాల నుంచి కూడా వస్తారు. కానీ దెబ్బే తగలని కాలికి, పైగా జ్వరం ఉన్న బిడ్డకు, కట్టు కట్టించి వారాల తరబడి ఎదురుచూడటం వల్ల కాలం పోతుంది. గట్టి మర్దనలు కూడా వద్దు. ఈ జబ్బులో ఎముక బలహీనపడి ఉండొచ్చు, ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే లోపల రక్తం కమ్ముతుంది. అదే కారణంతో, కౌంట్లు తెలియకముందు పిరుదుకు నొప్పి సూది వేయించొద్దు. అప్పటిదాకా నొప్పికి పారాసెటమాల్ చాలు, బిడ్డ బరువును బట్టి డాక్టర్ చెప్పిన మోతాదులో.

3. రక్త పరీక్ష చేయించండి, కాగితం మీద అంకెల్ని కలిపి చదవండి

చేయించాల్సినవి: సీబీసీ, పెరిఫెరల్ స్మియర్, ఈఎస్ఆర్, సీఆర్పీ, ఎల్డీహెచ్, యూరిక్ యాసిడ్. స్మియర్ అంటే గాజుపలక మీద రక్తపు చుక్కను పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద కంటితో చూడటం. సీబీసీ చేసే మెషీన్ కణాల్ని లెక్కపెడుతుంది కానీ చెడ్డ కణాన్ని కొన్నిసార్లు మామూలు తెల్లకణాలైన లింఫోసైట్ల లెక్కలోనో మోనోసైట్ల లెక్కలోనో కలిపేస్తుంది. అందుకని "స్మియర్ పాథాలజిస్ట్ గారే చూడాలి, చూసి రాయాలి" అని ల్యాబ్‌లో గట్టిగా చెప్పండి. అలా అడిగితే మేమేమీ అనుకోం.

ఇప్పుడు అసలు సంగతి. రిపోర్టులో ఎక్కువ తక్కువ ఉన్న అంకెలు నల్లగా, ముద్దగా పడతాయి. మిగతావి నార్మల్ అనుకుని అందరూ వదిలేస్తారు. ఈ జబ్బు చాలాసార్లు ఆ నార్మల్ అంకెల్లోనే దాక్కుంటుంది. ఒక ఉదాహరణ వేసుకుందాం. తొమ్మిదేళ్ళ బిడ్డ, ఈఎస్ఆర్ 90, హిమోగ్లోబిన్ 9.8, తెల్లకణాలు 3,800, అందులో న్యూట్రోఫిల్స్ అనే రకం 22 శాతం, ప్లేట్‌లెట్లు 1.7 లక్షలు.

ప్లేట్‌లెట్లకు మామూలు హద్దు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. కాబట్టి 1.7 లక్షల పక్కన ఏ గుర్తూ పడదు. కానీ ఆగి ఆలోచించండి. ఈఎస్ఆర్ 90 అంటే ఒంట్లో గట్టి వాపు రగులుతోందని అర్థం. నిజంగా కీళ్ళవాతం వల్లే అంత వాపుంటే మూలుగ ఆ ఊపులో ప్లేట్‌లెట్లను ఎక్కువగా తయారుచేస్తుంది, అవి నాలుగు, ఐదు లక్షలు దాటి ఉండాలి. తెల్లకణాలూ పెరగాలి. ఇక్కడ రెండూ పెరగలేదు. అంత వాపు ఉండి కూడా మూలుగ ఎందుకు ఊరుకుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికేదాకా కీళ్ళవాతం అన్న పేరు ఖాయం కాకూడదు.

న్యూట్రోఫిల్స్‌ను శాతంగా వదిలేయకండి, లెక్క కట్టండి. 3,800లో 22 శాతం అంటే 836. 1,500 కన్నా తక్కువైతే తక్కువ కిందే లెక్క. వాపుతో కూడిన కీళ్ళవాతంలో న్యూట్రోఫిల్స్ పెరగాలే గాని ఇలా పడిపోకూడదు. హిమోగ్లోబిన్ 9.8 మాత్రం ఒక్కటే ఏమీ చెప్పదు. మన పిల్లల్లో ఐరన్ తక్కువ ఉండటం మామూలే, కీళ్ళవాతంలోనూ రక్తం తగ్గుతుంది.

ఇవి నేను ఊహించి చెబుతున్నవి కావు. 2006లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో, కీళ్ళవాతం ఉన్న 206 మంది పిల్లల్నీ, కీళ్ళ నొప్పులతో వచ్చి లుకేమియా అని తేలిన 71 మందినీ పోల్చి చూసిన పరిశోధన వచ్చింది. లుకేమియాను వేరుచేసి చూపించినవి ముఖ్యంగా మూడు: తెల్లకణాలు 4,000 కన్నా తక్కువ ఉండటం, ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి రెండున్నర లక్షల మధ్య ఉండటం, రాత్రి నొప్పి. అదే పరిశోధనలో తేలిన ఇంకో సంగతి మనసులో పెట్టుకోండి. లుకేమియా ఉన్న పిల్లల్లో నూటికి 75 మందికి మొదట్లో రక్తంలో చెడ్డ కణాలే కనబడలేదు. కాబట్టి "స్మియర్‌లో ఏమీ లేదు" అన్న మాటతో భయం పూర్తిగా తీరిపోదు.

కీళ్ళవాతం అనుమానంతో చేసే ఆర్ఏ ఫ్యాక్టర్, ఏఎన్ఏ అనే రక్త పరీక్షలు పాజిటివ్ వచ్చాయని కీళ్ళవాతం ఖాయం చేసుకోవద్దు. ఏ జబ్బూ లేని పిల్లలకూ ఏఎన్ఏ పాజిటివ్ రావొచ్చు. ఏఎస్ఓ టైటర్ అనే ఇంకో రక్త పరీక్షలో అంకె ఎక్కువ వస్తే ఎప్పుడో గొంతు ఇన్ఫెక్షన్ వచ్చి పోయిందని మాత్రమే అర్థం. ఆ ఒక్క అంకె చూసి గుండెకు పట్టే కీళ్ళ జ్వరం అనుకుని నెలనెలా పెన్సిలిన్ సూదులు వేయించుకుంటూ ఉండిపోయే పిల్లలు ఉన్నారు.

వానాకాలంలో మన దగ్గర ఇంకో చిక్కు, డెంగ్యూ. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తగ్గాయనగానే డెంగ్యూ అంటారు, చాలాసార్లు అది నిజమే. కానీ డెంగ్యూలో పడిన కౌంట్లు వారం పది రోజుల్లో తిరిగి లేస్తాయి. జ్వరం తగ్గాక రెండు వారాలకు మళ్ళీ సీబీసీ చేయించండి. అప్పటికీ లేవకపోతే దాన్ని డెంగ్యూ అనడం ఆపేయాలి. పాత రిపోర్టులేవీ పారేయకండి. మొదటి నెల ప్లేట్‌లెట్లు 3.2 లక్షలు, తర్వాత 2.4, ఇప్పుడు 1.7 అయితే మూడూ నార్మలే, కానీ పక్కపక్కన పెట్టి చూస్తే కిందికి దిగుతున్నాయని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

ఎక్స్‌రే తీయించి ఉంటే దాన్నీ మళ్ళీ చూపించండి. ఎముక చివర్లలో పల్చటి అడ్డగీతలు, ఎముక మీది పొరలో తేడా ఉంటే రేడియాలజిస్ట్ పట్టుకుంటారు.

4. స్టెరాయిడ్ దగ్గర ఆగండి

ఈ వ్యాసంలో ఒక్క పనే గుర్తుపెట్టుకోగలిగితే, ఇది గుర్తుపెట్టుకోండి.

ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్, డెఫ్లజాకార్ట్, ఇవన్నీ స్టెరాయిడ్లే. వైసొలోన్, బెట్నెసాల్ అని మెడికల్ షాపులో చీటీ లేకుండా కూడా ఇచ్చేస్తుంటారు. కీళ్ళవాతానికి ఇవి వాడతారు, లుకేమియా కీమోథెరపీలోనూ ఇవి ఉంటాయి. అదే చిక్కు. జబ్బు లుకేమియా అయితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగిపోతుంది, బిడ్డ లేచి ఆడుకుంటాడు, మందు పనిచేసిందని ఇల్లంతా సంబరపడుతుంది. లోపల జరిగేది వేరు. కొన్ని చెడ్డ కణాలు చచ్చి, మిగిలినవి మరుగునపడతాయి. అప్పుడు మూలుగ తీసి చూసినా జబ్బు సరిగ్గా దొరక్కపోవచ్చు. వారాలో నెలలో గడిచాక తిరగబెడుతుంది. అప్పటికి మందుకు లొంగని కణాలు మిగిలే ప్రమాదం ఉంది, చికిత్స ఎంత గట్టిగా ఇవ్వాలో డాక్టర్లు లెక్కకట్టడమూ కష్టమవుతుంది. చెడ్డ కణాలు మరీ ఎక్కువున్న బిడ్డకు ఒక్క డోసుతోనే అవన్నీ ఒక్కసారిగా పగిలి కిడ్నీలు దెబ్బతినే అవకాశమూ ఉంది. మెథోట్రెక్సేట్ కూడా రెండు జబ్బుల్లోనూ వాడే మందే, దాని విషయంలోనూ ఇదే జాగ్రత్త.

ఇప్పటికే స్టెరాయిడ్ మొదలుపెట్టి ఉంటే కంగారుపడి మీ అంతట మీరు ఆపేయకండి. కొన్నాళ్ళు వాడాక హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే. మందు పేరు, మిల్లీగ్రాములు, మొదలుపెట్టిన తేదీ రాసుకుని, వెంటనే డాక్టర్‌కు చెప్పండి. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర వేయించిన సూదుల పేర్లు, నాటువైద్యుడు ఇచ్చిన పొడి పొట్లాలు కూడా దాచకుండా చూపించండి. ఏమంటారోనన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

5. డాక్టర్‌ను ఎలా అడగాలి

డాక్టర్‌కే సలహా చెప్పినట్టు ఉంటుందేమోనని చాలామంది నోరు మెదపరు. ఇలా అడిగి చూడండి: "సార్, ఈఎస్ఆర్ ఇంత ఉంది కదా, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు పెరగలేదు. రాత్రిపూట నొప్పికి నిద్రలేచి ఏడుస్తున్నాడు. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు ఒకసారి మూలుగ పరీక్ష అవసరమేమో చూస్తారా?" మంచి డాక్టర్ ఎవరైనా ఈ ప్రశ్నను తప్పుగా తీసుకోరు. అవసరం లేదంటే ఎందుకు లేదో అడగండి, చెబుతారు. విసుక్కుంటే రిపోర్టులు తీసుకుని ఇంకో డాక్టర్‌ను కలవండి.

6. మూలుగ పరీక్ష గురించి భయం వద్దు

"నడుములోంచి మూలుగ లాగితే కాళ్ళు పడిపోతాయంట కదమ్మా" అని అవ్వలు, జేజిలు అడుగుతుంటారు. పడిపోవు. సూది వేసేది నడుము కింద, తుంటి ఎముక వెనక భాగంలో. అక్కడ వెన్నుపాము ఉండదు. తిమ్మిరెక్కే మందు ఇస్తారు, చిన్నపిల్లలకు మత్తు కూడా ఇస్తారు. ఒకట్రెండు రోజులు అక్కడ నొప్పిగా ఉంటుంది, అంతే. తీసిన మూలుగను స్లైడు మీద చూస్తారు, ఫ్లో సైటోమెట్రీకి పంపుతారు. ఆ పరీక్షలో జబ్బు ఏ రకమో బయటపడుతుంది. పదిరకాల పరీక్షలకు బిడ్డను తిప్పేకన్నా, అనుమానం ఉన్నప్పుడు ఈ ఒక్కటి చేయించడం మేలని నా నమ్మకం.

7. ఎక్కడికి వెళ్ళాలి, ఏం తీసుకెళ్ళాలి

తిరుపతిలో పిల్లల విభాగానికి రుయా ఉంది. మూలుగ పరీక్షకు, క్యాన్సర్ వైద్యానికి స్విమ్స్ ఉంది. 2022లో మొదలైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. కాలు కదా అని చాలామంది నేరుగా బర్డ్ ఆస్పత్రికి పోతారు. అది ఎముకల ఆపరేషన్లకు పేరున్న చోటు, కానీ జ్వరం, కౌంట్లలో తేడా ఉన్న బిడ్డను ముందు పిల్లల డాక్టర్‌కు చూపించండి. చిత్తూరు, పలమనేరు వాళ్ళకు రాయవేలూరు సీఎంసీ దగ్గర. సీఎంసీకి రాణిపేటలో కూడా క్యాంపస్ ఉంది, మీకు కావాల్సిన విభాగం ఎక్కడో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

బియ్యం కార్డు, ఆధార్, పాత రిపోర్టులన్నీ, ఎక్స్‌రే ఫిల్ములు, మందుల చీటీలు, మీ నోట్‌బుక్ ఒక సంచిలో పెట్టుకోండి. ఒకప్పటి ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, క్యాన్సర్ చికిత్స అందులో ఉంది. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి, లేదా 104కు ఫోన్ చేయండి. రాష్ట్రం దాటి వెళ్ళేటట్టయితే కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ముందే అడగండి. స్విమ్స్‌లో పేదలకు టీటీడీ ప్రాణదాన పథకం గురించీ విచారించండి.

ఓపీ రోజు కోసం ఆగకూడని సందర్భాలు కొన్ని: కౌంట్లు తక్కువున్న బిడ్డకు జ్వరం 100.4 దాటితే, ముక్కులోంచో చిగుళ్ళలోంచో రక్తం ఆగకపోతే, పడుకుంటే ఊపిరాడకపోతే, ముఖం ఉబ్బితే, నడుము నొప్పితో పాటు కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం బిగిసినా. అర్ధరాత్రయినా సరే, ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

8. ఏదో ఒకటి తేలాక

లుకేమియా అని తేలితే ఆ రాత్రి మీకు నిద్రపట్టదు. కానీ ఒక విషయం వినండి. పిల్లల లింఫోబ్లాస్టిక్ లుకేమియా నయమయ్యే జబ్బు. మంచి వైద్యం పూర్తిగా అందే దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతికి పెద్దవుతున్నారు. చికిత్స రెండు నుంచి మూడేళ్ళు సాగుతుంది, మొదటి నెలలు కష్టం, తర్వాత చాలామంది బడికి పోతూనే మందులు వాడతారు. బాగైపోయాడు కదా అని మధ్యలో మానేయడం వల్లే కొందరు బిడ్డల్ని పోగొట్టుకుంటున్నాం.

కీళ్ళవాతమే అని తేలితే, అప్పుడు స్టెరాయిడ్‌కైనా మెథోట్రెక్సేట్‌కైనా జంకకండి. వైద్యం చేయించకపోతే కీళ్ళు బిగుసుకుపోతాయి. డాక్టర్ చెప్పిన గడువుల్లో కంటి పరీక్ష కూడా చేయించండి, ఈ జబ్బు నొప్పి లేకుండానే కంటి లోపల వాపు తెస్తుంది. సీబీసీ మాత్రం చెప్పిన ప్రతిసారీ చేయించి, పాత కాగితాల పక్కన పెట్టి చూస్తూ ఉండండి. మందు వాడుతున్నా రాత్రి నొప్పి పోకపోయినా, ప్లేట్‌లెట్లు మెట్టుమెట్టుగా దిగుతున్నా, డోసు తగ్గించగానే జ్వరం తిరగబెట్టినా, "సార్, మూలుగ ఒకసారి చూద్దామా?" అని మళ్ళీ అడగండి. మొదటిసారి చూసి ఉన్నా సరే.